ఆరిందన్న మాట

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది ఎక్కడ పడిందో కొట్టినవాడికీ తెలియదు, తిన్నవాడికీ తెలియదు. మూడోదానికి మాత్రం దవడ ఎముక టప్పుమన్న చప్పుడు షెడ్డులో అందరికీ వినపడింది. కొలిమికి గాలి కొట్టే మర హోరులో పక్కవాడి తుమ్ము వినపడని చోట ఆ చప్పుడు వినపడిందంటే, అదెలాంటి దెబ్బో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

కొట్టినవాడు గరిటె. ఆ పోత షెడ్డులో గరిటె అంటే వస్తువూ అవును, మనిషీ అవును. కొలిమి మీది కుండలాంటి మూసలో కరిగిన సత్తును ముంచి ఇనప అచ్చుల్లో పోయడం అతని పని. ముంచి ముంచి కుడి భుజం ఎడమ భుజానికి పెద్దన్నలా తయారయింది. అతని చొక్కాలు కుట్టే దర్జీ కుడి చేతికోసం ఇంకో మనిషి కొలత తీసుకునేవాడని షెడ్డులో చెప్పుకునేవారు.

తిన్నవాడు పూతరాయుడు. గరిటె భార్యకి సొంత అన్న. గరిటెలకీ, అచ్చులకీ, సత్తు మీద తేలే తెట్టు తీసే చట్రాలకీ తెల్లని పింగాణీ పూత పూసేది ఆయనే. ఆ పూత లేకపోతే కరిగిన సత్తు ఇనుముని కరుచుకుంటుంది. కరుచుకుని ఊరుకోదు, కొరుక్కు తింటుంది. పోతకి పూతే చొక్కా. మాటల్లో కోతలరాయుడు కావలసిన మనిషి, పనిని బట్టి పూతరాయుడయ్యాడు. తను పూసిన గరిటె మీద ఈగ వాలితే జారిపడి నడుం విరగ్గొట్టుకుంటుందనేవాడు. ఒకసారి పూత మరీ నున్నగా కుదిరి, పోసిన సత్తు అచ్చులో ఆగకుండా గుమ్మందాకా వెళ్ళిపోయిందట. మేస్త్రి బతిమాలితేగాని వెనక్కి రాలేదట. ఇవన్నీ విని నవ్వనివాడు షెడ్డులో లేడు. నమ్మినవాడూ లేడు.

ఒక్క మాట దగ్గర మాత్రం అందరూ ఆయన్ని నమ్మేవారు. ఆ మాట 'ఆరింది.'

పూత తడిగా ఉన్న గరిటె కరిగిన సత్తులో దిగిందంటే, ఆ తడి ఒక్కసారిగా ఆవిరవుతుంది. బయటికి దారిలేక మూసలో ఉన్నదంతా మనుషుల మొహాల మీదికి విసురుతుంది. అందుకని పూసిన గరిటెను ఇటుక అడ్డుగోడ అవతల గ్యాసు పొయ్యి మీద కొక్కేనికి తగిలించి, తడి చుక్క మిగలకుండా కాలుస్తారు. గోడ మనిషెత్తు. గరిటె కాడ దాని పైకి పొడుచుకొని ఉంటుంది. ఇవతల నుంచి "ఆరిందా?" అని అరుపు. అవతల నుంచి "ఆరింది" అని జవాబు. వెంటనే చేయి గోడ మీదుగా వెళ్ళి కాడ పట్టి లాగుతుంది. మునివేళ్ళ మీద లేస్తే గోడ అవతల ఏముందో కనపడుతుంది. కానీ గరిటె ఏనాడూ లేవలేదు. బావ మాట ఉండగా మళ్ళీ కళ్ళతో పనేమిటి?

ఆ ఉదయం అడగబోతుండగానే జవాబొచ్చింది. "ఆరింది!" గరిటె లాగాడు. ముంచాడు.

మూసలోంచి వెండి చెట్టొకటి మొలిచినట్టు లేచింది సత్తు. పొడవాటి కాడ చివర ఉన్నాడు కాబట్టి గరిటెకు చేతుల మీద చుక్కలే పడ్డాయి. మూసకు అవతలి వైపు తెట్టు తీస్తున్న అతని తమ్ముడికి మొహం మీద పడింది. అతను అరిచిన అరుపు మనిషిది కాదు. రెండు చేతులతో కళ్ళు మూసుకుని, గుండ్రంగా తిరిగి, అచ్చుల వరస మీద పడిపోయాడు.

నలుగురు తమ్ముణ్ణి ఎత్తుకుని పరిగెత్తారు. గరిటె మాత్రం అటు పోలేదు. అడ్డుగోడ చుట్టూ తిరిగి అవతలికి పోయాడు. పూతరాయుడు పొయ్యి పక్కనుంచి అప్పుడే లేస్తూ, "వద్దు బావా, వద్దు" అంటున్నాడు.

"ఆరిందన్నావు కదరా!"

"ఆరిందనే అన్నా బావా! ఆరిందనే..."

చెంప మీద పడింది.

"ఇంకా ఆరిందంటావా! నా తమ్ముడి మొహం కాలిపోయాక కూడా ఆరిందంటావా!"

"బావా, ఆరిందంటే..."

ఆ 'అంటే' తర్వాత ఏముందో బయటికి రాలేదు. దవడ విరిగింది.

ఆ తర్వాత కూడా గరిటె ఆగలేదు. పూత కలిపే బాల్చీ ఎత్తి బావ నెత్తిన బోర్లించాడు. తెల్లటి పిండినీళ్ళలో నెత్తురు గీతలు కడుతూ కారుతుంటే, మేస్త్రీ ఇంకో ముగ్గురూ కలిసి గరిటెను నడుం పట్టుకుని వెనక్కి లాగారు. ముగ్గుర్లో ఒకడి చొక్కా చిరిగింది. ఇంకొకడికి మోచేయి తగిలి పన్ను కదిలింది. పొయ్యి వంక ఒక్కరూ చూడలేదు. చూడాలని ఎవరికి తోస్తుంది?

ఆసుపత్రిలో తమ్ముడి తలంతా గుడ్డలు చుట్టారు. ముక్కూ నోరూ మాత్రం కనపడుతున్నాయి. ఎడమ కన్ను పోయింది, కుడి కన్ను సంగతి కట్టు విప్పాక చెబుతామన్నాడు డాక్టరు. గరిటె మంచం పక్కన నిలబడి, తమ్ముడి చేయి పట్టుకోబోయి, ఎక్కడ కాలిందో తెలియక మంచం కోడు పట్టుకున్నాడు.

"వచ్చావా అన్నా?"

"వచ్చానురా."

"చీకటిగా ఉంది."

"కట్టు కట్టారు. విప్పుతారు."

"వదిన వాళ్ళన్నయ్యకి ఏమీ కాలేదుగా? గోడ అవతలే ఉన్నాడుగా?"

గరిటె పళ్ళు పటపట కొరికాడు. "వాడికేమీ కాలేదు. నేను చేశాను. దవడ విరిచాను. ఆ కుంచె పట్టే చేతులు కూడా విరిచేస్తాను. వేలు వేలునా విరుస్తాను."

తమ్ముడు తడుముకుంటూ అన్న చొక్కా అంచు పట్టుకున్నాడు. ఒప్పుకున్నాడనుకున్నాడు గరిటె.

మర్నాడు సాయంత్రం భార్య ఇంట్లో లేదు. పొయ్యి చల్లగా ఉంది. ఎక్కడికి పోయిందో చెప్పేవాళ్ళు అక్కర్లేదు. గరిటె నాలుగు వీధులు దాటి బావ ఇంటికి పోయాడు. తలుపు తట్టలేదు. భుజం పెట్టి తోశాడు. గడియ ఊడి లోపల ఎక్కడో పడింది.

ఒంటరి మనిషి ఇల్లది. ఒకటే గది. పూతరాయుడు గోడకి ఆనుకొని కూర్చున్నాడు. గడ్డం కిందనుంచి నడినెత్తి దాకా కట్టు, పళ్ళు తెరుచుకోకుండా లోపల తీగలు. మొహం ఉబ్బి, కళ్ళు రెండు గీతలైపోయాయి. గరిటె భార్య పలచని జావ గొట్టంతో పట్టించబోతోంది.

గరిటెను చూడగానే పూతరాయుడు గబగబా చేయెత్తాడు. పొయ్యి వైపు వేలు చూపించాడు. వాచిన పెదాలు ముందుకి పెట్టి, "ఉఫ్" అని ఊదాడు. మళ్ళీ చూపించాడు. మళ్ళీ "ఉఫ్."

"నిన్నట్నించీ ఇదే గోల," అంది ఆమె. "జావ వేడిగా ఉందంటాడు. ఎంత చల్లార్చినా ఉఫ్ ఉఫ్ అంటూనే ఉంటాడు."

"జావా కాదు, గీవా కాదు." గరిటె మొహం కందగడ్డయింది. "నన్ను ఉఫ్‌మని ఊదేస్తాడట! తెలియట్లా? నోరు పడిపోయినా పొగరు దిగలేదు వీడికి!"

ఒక్క అంగలో దాటి బావ కుడి చేయి దొరకబుచ్చుకున్నాడు. చూపుడు వేలు వెనక్కి వంచాడు. పూతరాయుడి గొంతులోంచి గురగురమని ఏదో వచ్చింది. నోరు తెరవలేని మనిషి అరిస్తే అలాగే ఉంటుంది.

రోకలి గరిటె భుజం మీద దిగింది. అదీ కుడి భుజం మీద. చేయి జివ్వుమని వేలు వదిలేసింది. తిరిగి చూస్తే భార్య రోకలి మళ్ళీ ఎత్తి నిలబడి ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది, గుక్క తిప్పుకోవడం లేదు.

"ఇంకో అడుగు వేశావంటే తల పగలగొడతాను. నీ తమ్ముడికి జరిగినదానికి నేను ఏడవలేదనుకున్నావా? నా మరిది వాడు. నేను పెట్టిన ముద్ద తిని పెరిగాడు. అయినా సరే, నోరు కట్టేసిన మనిషిని కొట్టే మగాడితో నేను కాపురం చెయ్యను."

"వాడు అబద్ధమాడాడే!"

"మా అన్నయ్య బతుకంతా అబద్ధాలే. ఈగ జారుతుందన్నాడు, సత్తు నడుచుకుంటూ పోయిందన్నాడు. ఆ మాట దగ్గర ఎప్పుడన్నా ఆడాడా? నువ్వు చెప్పు. ఆడాడా?"

 గరిటె గొంతు పెంచాడు.

"కట్టు విప్పనీ! నోటితో ఒప్పించి, అప్పుడు విరుస్తాను పదివేళ్ళూ! నువ్వూ నీ రోకలీ అడ్డమొస్తే చూస్తాను!"

పోతూ పోతూ గుమ్మంలో ఉన్న కుండను తన్నాడు. కుండ పగిలింది. కాలి బొటనవేలి గోరూ లేచింది. ఇంటిదాకా కుంటుకుంటూ పోయాడు.

షెడ్డులో పని ఆగదు కదా. ఇంకొకడు పూస్తే తను ముంచనని గరిటె మొండికేశాడు. "నా పూత నేనే పూసుకుంటాను. ఒకడి నోటి మీద బతకడం ఇక చాలు" అన్నాడు. మేస్త్రి నెత్తి కొట్టుకుని, ముంచడానికి తనే తోలు చేజోళ్ళు తొడుక్కున్నాడు.

పూత అంటే కుంచె ముంచి రాయడమేనని ముంచేవాళ్ళంతా అనుకుంటారు. పొడి బరువైనది; కలిపిన మరుక్షణం నుంచీ అడుక్కి దిగాలని చూస్తుంది. కలుపుతూనే పూయాలి. గరిటె ముందు పైనున్న తేటనీళ్ళు పూసి, అడుగున ఉన్న ముద్దను తర్వాత పులిమాడు. ఇనుము మరీ కాగితే పూత చిటపటమని ఎగిరి కళ్ళలో పడింది. చల్లబడితే కన్నీళ్ళలా కారింది. కుదిరిందనుకున్న పూత రెండు మునకలకే పెచ్చులూడింది. ఒక అచ్చులో సత్తు కరుచుకుపోయి, సుత్తితో కొడితే అచ్చే పగిలింది.

"ఏం గరిటే, సున్నం వేస్తున్నావా? ఇంట్లో పెళ్ళా?" అన్నాడు అచ్చుల దగ్గరివాడొకడు.

సుత్తి వాడి తల పక్కనుంచి పోయి గోడలో దిగింది. మళ్ళీ ఎవరూ పెళ్ళి ఊసెత్తలేదు.

గరిటెకు మాత్రం బావ గొంతు వినపడుతూనే ఉంది. పోయినేడు సరదాకి కుంచె పట్టుకుంటే అన్న మాట. "అలా కాదు బావా. పెళ్ళికూతురికి పౌడరు అద్దినట్టు అద్దాలి. నువ్వు గేదెకి బురద పులిమినట్టు పులుముతున్నావు. అది లేచిపోతే నన్నడక్కు." ఆ రోజు అందరూ పగలబడి నవ్వారు. గరిటే ఎక్కువ నవ్వాడు. ఇప్పుడు కుంచె పిడి విరిగేలా పట్టుకుని అద్దడం మొదలుపెట్టాడు. పల్చగా. కాస్త ఆగి, మళ్ళీ పల్చగా. సాయంత్రానికి ఒక గరిటె ఒప్పుగా వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఒక మనిషి గుర్తొచ్చాడు. గుర్తొచ్చినందుకు బాల్చీని ఒక తన్ను తన్నాడు.

తర్వాతి రోజు పొద్దున రెండో గరిటె పూసి, ఇంకా తడితో బూడిదరంగుగా ఉండగానే కొక్కేనికి తగిలించాడు. ఆరేకొద్దీ అది సుద్దలా తెల్లబడాలి. పొయ్యి మీదికి వంగి చూస్తుండగా మంట ఒక్కసారి నీలంగా వణికింది. చిటుక్కుమంది. పోయింది. గ్యాసు సిలిండరు ఖాళీ. ఈ మేస్త్రి చివరి బొట్టుదాకా పిండందే ఇంకోటి ఇవ్వడు. గరిటె కిందికి వంగి, సిలిండరు మూత తిప్పుతూ, తల ఎత్తకుండానే కేకేశాడు.

"ఆరింది!"

నెత్తిమీద కొక్కెం కిర్రుమంది.

తలెత్తాడు. గోడ మీదనుంచి వచ్చిన తోలు చేజోడు కాడ పట్టుకుని లాగేస్తోంది. బూడిదరంగు గరిటె గోడ దాటి అవతలికి పోయింది.

గరిటె "వద్దు" అని అరిచాడో లేదో అతనికే తెలియదు. గోడ చుట్టూ తిరిగి పోతే అందదు. గోడ మీదికే ఎగిరాడు. పైవరస ఇటుకలు అతనితోపాటే అవతల పడ్డాయి. మేస్త్రి ముంచబోతున్నాడు. తడి గరిటెకీ కరిగిన సత్తుకీ మధ్య జానెడు కూడా లేదు. గరిటె దాని బొచ్చెను వట్టి చేత్తో పట్టుకుని పక్కకి లాగేశాడు. కుడి చేత్తోనే. చేయి సుయ్యిమంది. ఆ చప్పుడు చెవికి ముందు తెలిసింది, నొప్పి తర్వాత వచ్చింది. ఇద్దరూ కలిసి వెల్లకిలా పడ్డారు. గరిటె దొర్లుకుంటూ పోయి గోడకి కొట్టుకుని ఆగింది. దాని తడి పూతలో అయిదు వేళ్ళూ అచ్చు గుద్దినట్టు దిగి ఉన్నాయి.

మేస్త్రి లేచి ఆ వేళ్ళ గుర్తులు చూశాడు. చేత్తో ముట్టుకున్నాడు. పచ్చిగా అంటుకుంది.  ఆ చేత్తోనే గరిటె చెంప చెళ్ళుమనిపించాడు.

"ఆరిందన్నావు కదరా! చంపేద్దామనుకున్నావా నన్ను? ఆరిందన్నావు కదా!"

"ఆరిందనే అన్నా మేస్త్రీ! ఆరిందనే..."

అక్కడ ఆగిపోయాడు గరిటె.

నోరు అలాగే తెరిచి ఉంది. మేస్త్రి ఇంకో చెంప కూడా వాయించాడు. అదీ తెలియలేదు. అవతల పొయ్యి నల్లగా, చల్లగా ఉంది. మంట ఆరింది. తను అన్నది అదే. పూత ఆరిందని తను ఎప్పుడన్నాడు?

ఆ రోజు తను అడగలేదు. అడగబోతుండగానే జవాబొచ్చింది. అడగని ప్రశ్నకి జవాబెలా వస్తుంది? గోడ కింద వంగి ఉన్న మనిషి తనకోసం అనలేదు ఆ మాట. పొయ్యిని చూసి అన్నాడు. ఆ మాటే మళ్ళీ చెప్పబోతే తను నోటి మీద కొట్టాడు. నోరు పోయాక పొయ్యి చూపించి ఊది చెబితే, వేలు విరవబోయాడు.

"గ్యాసయిపోయింది మేస్త్రీ," అన్నాడు గరిటె నెమ్మదిగా. "మంట ఆరింది. అదే అన్నాను. మా బావ కూడా అదే అన్నాడు."

మేస్త్రి ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉండిపోయింది. ఆ మర్నాడు ఖాళీ సిలిండరు మార్చింది ఆయనే.

ఆసుపత్రిలో గరిటె చేయి కడిగి, తెల్లటి మందు డబ్బీ ఇచ్చి, కట్టు కడతాం కూర్చోమన్నారు. కూర్చోలేదు. తమ్ముడి మంచం దగ్గరికి పోయాడు. కుడి కన్ను మీద కట్టు విప్పారు. ఎర్రగా, నీరు కారుతూ ఉంది గాని చూస్తోంది. అన్నను గుర్తుపట్టి, తొక్క లేచిన పెదాలతో నవ్వబోయాడు.

గరిటె అంతా చెప్పేశాడు. కోతలు లేకుండా, తిట్లు లేకుండా చెప్పడం అలవాటు లేని మనిషి కాబట్టి మధ్యమధ్య తడబడ్డాడు. తమ్ముడు చివరిదాకా విన్నాడు. మంచం పక్కన ఉన్న సత్తు గ్లాసు తీసుకున్నాడు. విసురుతాడనుకున్నాడు గరిటె. మొహం తిప్పుకోకుండా నిలబడ్డాడు. తమ్ముడు విసరలేదు. అందులోని నీళ్ళు తాగి, జాగ్రత్తగా తడిమి మళ్ళీ అక్కడే పెట్టాడు.

"నువ్వు తొంగి చూళ్ళేదా అన్నా?"

"లేదురా."

"మునివేళ్ళ మీద లేస్తే కనపడేదే కదా."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఈ వారమంతా గరిటె కొట్టిన దెబ్బలూ తిన్న దెబ్బలూ కలిపి ఒక పక్కన పెడితే, ఆ మాట ఒక్కటీ ఇంకో పక్కకి సరిపోయింది.

బావ ఇంటి తలుపుకి గడియ లేదు. తోస్తే తెరుచుకునేదే. గరిటె తట్టాడు. రెండుసార్లు తట్టి నిలబడ్డాడు. భార్య తీసింది. చూసి, వెనక్కి జరిగి, రోకలి అందుకుంది.

పూతరాయుడు గోడకి ఆనుకొని అక్కడే ఉన్నాడు. గుమ్మంలో ఉన్నది ఎవరో చూశాడు. ముందున్న పీట దగ్గరికి లాక్కుని, రెండు చేతులూ దాని మీద పెట్టాడు. వేళ్ళన్నీ విప్పి, అరచేతులు బోర్లించి పెట్టాడు. పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయిన మనిషి అలా పెడతాడు.

గరిటె పీట ముందు కూలబడ్డాడు.

"బావా. ఆ రోజు మంట ఆరిందన్నావు కదూ?"

పూతరాయుడి కళ్ళు తెరుచుకున్నాయి.  అప్పుడు వేలు పొయ్యి వైపు చూపించి, ఓపిగ్గా, చిన్న పిల్లాడికి అక్షరం దిద్దించినట్టు, ఊదాడు.

"ఉఫ్."

రోకలి కింద పడింది. "అయితే జావ చల్లార్చమని కాదా అన్నయ్యా నువ్వు... అయ్యో, నేను చన్నీళ్ళలో పెట్టి పెట్టి పట్టించాను కదా..." అంటూ ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నేను అడగలేదు బావా. అడక్కుండా, చూడకుండా లాగేశాను. వాడి కన్ను నేనే తీశాను. నీ దవడా నేనే తీశాను." గరిటె మొహం ముందుకి చాపాడు. "కొట్టు. ఇక్కడే కొట్టు, నేను నిన్ను ఎక్కడ కొట్టానో."

పూతరాయుడి చేయి లేచింది. గరిటె కళ్ళు మూసుకున్నాడు. చేయి దిగి మొహం మీద పడలేదు, మణికట్టును పట్టుకుంది. కాలిన అరచేతిని వెలుతురు వైపు తిప్పింది. పూతరాయుడు ముక్కుతో 'ఊఁ' అన్నాడు. పనికిరాని పూతను చూసినప్పుడు అనే 'ఊఁ' అది. చెల్లెలికి సైగ చేశాడు. ఆమె అటకమీద నుంచి వాడని కుంచె ఒకటి తెచ్చింది, మెత్తటి బొచ్చుది. మందు డబ్బీ గరిటె జేబులో ఉంది.

ఆయన పూయడం మొదలుపెట్టాడు. వంచిన చూపుడు వేలు ఇంకా వాచే ఉంది. అయినా కుంచె తడబడలేదు. వేలి సందుల్లోంచి మొదలుపెట్టి, అరచేతి మధ్యకి, అక్కణ్ణించి మణికట్టుదాకా, పల్చగా ఒక పొర. కాస్త ఆగి దాని మీద ఇంకోటి. ఎక్కడా ముద్దకట్టలేదు, ఎక్కడా కారలేదు. పూర్తయ్యాక మెడ పక్కకి వంచి చూసుకున్నాడు. తీగలు బిగించిన పళ్ళ వెనకనుంచి, వారం రోజులుగా బయటికి రాని గొంతు గాలిలా వచ్చింది.

"ఈగ... వాలితే..."

మిగతాది రాలేదు. నవ్వొచ్చి దవడ కదిలింది. ఆ నొప్పికి కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. గరిటె నవ్వలేదు. బావ కన్నీళ్ళు తన చేతి మీద పడకుండా ఎడమ చేయి అడ్డం పెట్టాడు.

కాసేపటికి అలవాటు కొద్దీ అడిగాడు. "ఆరిందా బావా?"

పూతరాయుడు చేతి మీదికి వంగాడు. కళ్ళు చికిలించి చూశాడు. గోటి వెనక వైపుతో ఒకచోట తాకి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

గరిటె చేయి కదల్చలేదు. మోకాళ్ళ మీద కాస్త లేచి, మెడ చాపి, తను కూడా దానివంకే చూస్తూ కూర్చున్నాడు.